కన్నీటి రుమాలు

మా చర్చిలో రెండేళ్ల పాటు నాకు "కన్నీటి ప్రార్థన అక్క" అని పేరు. ఆ పేరు నాకెంత రుచించిందో తలచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సిగ్గుతో ముఖం మండుతుంది. ఆ కన్నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిశాక కూడా నేను నెలల తరబడి నోరు మెదపలేదు. నా మౌనం ఒకామె కంటి మీదికి తెచ్చింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను మెతక మనిషిని కాను. ఆబిడ్స్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే దుకాణంలో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. తప్పులు పట్టడమే నా బతుకుతెరువు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు, మా ఆయన మాటలో ఒత్తులు, పక్కింటివాళ్ల ముగ్గులో వంకర గీత, ఏదీ నా కంటిని దాటిపోయేది కాదు. మా అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. మెదక్ నుంచి వచ్చిన చుట్టాలకు చాయ్ అందిందా లేదా అని చూసుకుంటూ తిరిగాను. అలాంటి నాకు యాభై నాలుగో ఏట కళ్ల వెంట ధారలు కట్టడం మొదలైంది.

మా చర్చి నాంపల్లి స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. దుకాణంలో భోజనం వేళ వదిలితే, ఎలాగూ ఆ రోజు తినేది లేదు కాబట్టి, నేను అటు పోయి వచ్చేదాన్ని. ఒక శుక్రవారం ప్రార్థన నడిపించాల్సినామె ఊరికి పోయింది. పాస్టరు గారి భార్యను మేము అమ్మగారు అంటాము. ఆమె ప్రార్థన మనవుల చీటీ నా చేతికిచ్చి నిలబెట్టారు. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎవరికి జ్వరమో, ఎవరి కొడుకుకు ఉద్యోగం కావాలో చీటీలోంచి చదువుతున్నాను. నోరు దేవుడితో మాట్లాడుతోంది, మనసు మాత్రం పొద్దున నానబెట్టి వచ్చిన బొబ్బర్ల మీద ఉంది. సగం చీటీ అయ్యేసరికి కళ్లు భగ్గుమన్నాయి. నీళ్లు బుగ్గల మీదుగా కారి చీటీ మీద పడ్డాయి.

అంతే, గదిలో సవ్వడి మారిపోయింది. వెనక వరసలో ఎవరో వెక్కారు. అమ్మగారు నా భుజం పట్టుకున్నారు. ప్రార్థన అయ్యాక ముగ్గురు నా చుట్టూ చేరి, మా ఇంటి కోసం కూడా చెయ్యక్కా అని చేతులు పట్టుకున్నారు. కంట్లో ఏదో పడిందని అప్పుడే అనేస్తే సరిపోయేది. అనలేదు. ముప్పై ఏళ్లలో నా చేతులు అలా పట్టుకున్నవాళ్లు లేరు.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా ఆయన నవ్వాడు. నువ్వు ఏడిపిస్తవు గని ఏడుస్తవా, కంట్ల ఏమన్న పడ్డదేమో అద్దంల చూస్కో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. భక్తి లేని మనిషివని తిట్టాను. ఆ ఇంట్లో ఆ రోజు నిజం పలికింది ఆయన ఒక్కడే.

అప్పటి నుంచి ముందు వరసలో ఫ్యాను కింది కుర్చీ నాది అయింది. మనవుల చీటీలు నాకే ఇచ్చేవారు. కళ్లు తెరిచి చదివితే, అందులోనూ రెప్ప వేయకుండా చదివితే, నీళ్లు తప్పకుండా వస్తాయని నాలుగు వారాల్లో కనిపెట్టాను. మొదట్లో ఉక్కపోతకు ఫ్యాను కింద కూర్చున్నాను. తర్వాత ఎందుకు కూర్చున్నానో నాకూ తెలుసు, ఫ్యానుకూ తెలుసు. పొద్దున లేస్తే రెప్పలు అంటుకుపోయి ఉండేవి. రెప్ప వెంట్రుకల మొదళ్లలో దురద, కంట్లో ఇసుక పోసినట్టు గరగర. వయసు మీద పడుతోందని ఊరుకున్నాను.

ఏడాది గడిచాక దుకాణంలో నా పరువు పోయింది. ఒక పెళ్లికార్డులో "ప్రేమతో ఆహ్వానించువారు" అన్న చోట "ప్రేతతో ఆహ్వానించువారు" అని పడింది. మూడుసార్లు చూసి నేనే సంతకం పెట్టాను. మసక కళ్లకు మ, త ఒక్కటే అయ్యాయి. పెళ్లికూతురి తండ్రి కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి ఒక్క మాట కూడా అనకుండా నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. యజమాని కార్డులన్నీ మళ్లీ వేయించి, అమ్మా, ముందు కండ్లు చూపించుకో అన్నాడు.

నాంపల్లిలో ఒక మేడ మీద కంటి డాక్టరమ్మ ఉంటే అక్కడికి పోయాను. చిన్న వయసు, నెమ్మదైన మాట. నా గడ్డాన్ని యంత్రం మీద ఆనించి రెప్పలు తిప్పి చూసింది. వెంట్రుకల మొదట్లో చుండు లాంటి పొట్టు గుండ్రంగా చుట్టుకుని ఉందంది. రెండు వెంట్రుకలు పీకి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో పట్టి నాకు తెర మీద చూపించింది. వెంట్రుక మొదట్లో తోక లాంటిదేదో మెల్లగా కదిలింది. దాని పక్కన ఇంకొకటి. ముందువైపు పొట్టి పొట్టి కాళ్లు.

డెమోడెక్స్ అనే మైట్స్ అంది. తెలుగులో చెప్పమన్నాను. ఆమె కొంచెం మొహమాటపడి, చిన్న పురుగులు ఆంటీ, చాలామందికి ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి, ఫికర్ చెయ్యకండి అంది.

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాను? పురుగులు పడడం మాలో జబ్బు పేరు కాదు, తిట్టు. మా నాయనమ్మకు కోపం ముదిరితే ఎదుటివాళ్ల కళ్లలో పురుగులు పడాలని శపించేది. పైగా దేవుడికి రావాల్సిన పొగడ్తను తాను మింగి పురుగులు పడి చచ్చిన రాజు కథ సండే స్కూల్లో పిల్లలకు చెప్పింది నేనే, అదీ చేతులు తిప్పుతూ, అభినయంతో సహా. డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చుంటే ఆ కథే గుర్తుకు వచ్చింది.

ఆమె తన ధోరణిలో చెప్పుకుపోయింది. కన్నీరంటే ఉత్త నీళ్లు కాదట. కంటిని అంటుకుని జిగురు పొర, దాని మీద నీళ్లు, అన్నింటికీ పైన సన్నని నూనె పొర. ఆ నూనె రెప్ప అంచున వరసగా ఉండే గ్రంథుల నుంచి ఊరుతుంది. ఈ పురుగులు వెంట్రుకల మొదళ్లలోనూ, ఆ గ్రంథుల్లోనూ కాపురం పెట్టి, అక్కడి జిడ్డు తిని, తమ చెత్త అక్కడే వదిలి దారులు మూసేస్తాయి. రెప్ప వాస్తుంది, నూనె తగ్గుతుంది. పచ్చడి మీద నూనె తేలకపోతే జాడీ ఏమవుతుందో మీకు తెలుసు కదా అంది. నూనె లేని నీరు గాలి తగలగానే ఆరిపోతుంది.

"మరి నాకు నీళ్లు ధారగ కారుతయి గద?" అన్నాను.

"కన్ను ఎండితే మండుతది ఆంటీ. మండితే ఒక్కసారి నీళ్లు వదులుతది. అవి కంటిని తడపవు, బుగ్గ మీదికి పోతయి. చూసేటోళ్లకు ఏడ్చినట్టే ఉంటది గాని, మీది పొడి కన్ను."

ఆ మాట నన్ను అక్కడే చదివేసినట్టు అనిపించింది. ఆమెకు నా చర్చి సంగతేమీ తెలియదు.

వైద్యం కష్టమైనదేమీ కాదు. రోజూ పది నిమిషాలు వేడి గుడ్డతో కాపడం, రెప్ప అంచుల మీద మెల్లగా నొక్కి రుద్దడం, టీ ట్రీ నూనె కలిపిన ద్రావణంతో వెంట్రుకల మొదళ్లు తుడవడం, చుక్కల మందు. దిండు గలీబులు వేడినీళ్లలో ఉతకాలి. తువ్వాళ్లు, రుమాళ్లు ఎవరితోనూ పంచుకోవద్దని రెండుసార్లు చెప్పింది. మెట్లు దిగేటప్పుడు ఈ సంగతి పైకి పొక్కకూడదని తీర్మానించుకున్నాను. మా ఆయనకు కూడా ఎలర్జీ అని చెప్పాను. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

మూడు వారాల్లో కళ్లు తేటపడ్డాయి. ప్రూఫుల్లో మ మ లాగా, త త లాగా కనిపించాయి. ఆ శుక్రవారం చీటీ మొత్తం చదివాను, చుక్క రాలలేదు. గది చప్పగా ఉంది. ఎవరూ వెక్కలేదు. బయటికి వచ్చేటప్పుడు ఒకామె, ఈ నడుమ అక్క ప్రార్థనల మునుపటి బరువు లేదు అని పక్కామెతో అంటుంటే విన్నాను.

ఆ తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పుకోలేనిది. బుధవారం నుంచి కాపడం మానేశాను. మందు సీసా బీరువాలో చీరల వెనక పెట్టాను. రెండు మూడు వారాల్లో నీళ్లు తిరిగి వచ్చాయి. బాధ ఎక్కువైతే సోమ, మంగళవారాలు మందు వేసుకునేదాన్ని, శుక్రవారం దగ్గర పడితే ఆపేసేదాన్ని. పొలానికి నీళ్లు వదిలినట్టు నా కళ్లకు నేనే వంతులు పెట్టాను. పురుగులను మేపుకుంటూ ఆత్మీయురాలిని అనిపించుకున్నాను.

మా దుకాణానికి నాలుగు గడపల అవతల ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. దాని అరుగు మీద కూర్చుని చీరలకు ఫాల్ కుట్టే ఆమె మా చర్చి మనిషే. నాకన్నా పదేళ్లు చిన్న. భర్త కాచిగూడలో ఒక లాడ్జిలో వంట చేస్తాడు. నాంపల్లి సందులో ఒకే గది కిరాయికి తీసుకుని ఉంటారు. ఆమె కుట్టు చీర మీది వైపు కనిపించేది కాదు, అంత సన్నం. తప్పు పట్టడమే పనిగా పెట్టుకున్న నేను కూడా ఆమె కుట్టుకు ఏనాడూ వంక పెట్టలేకపోయాను.

ఒక శుక్రవారం కూటం అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. రెప్పలు ఎర్రగా, అంచులు వాచి ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించడం కష్టంగా ఉందనీ, పొద్దున కళ్లు తెరుచుకోవడం లేదనీ చెప్పింది. దగ్గరగా చూశాను. వెంట్రుకల మొదట్లో తెల్లటి పొట్టు గుండ్రంగా చుట్టుకుని ఉంది. డాక్టరమ్మ తెర మీద చూపించినదే. నాకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

మేడ మీద డాక్టరమ్మ ఉంది, పో అనడానికి రెండు మాటలు చాలు. కానీ పోతే, వెంట్రుక పీకితే, పురుగులు కనబడితే, ఆమె వచ్చి నాతో చెబుతుంది, చర్చిలో చెబుతుంది. నీళ్లు కారడం కూడా దీని వల్లనేనట అంటుంది. అప్పుడు నా ముఖం చూసేవాళ్లు ఎలా చూస్తారు? ఇదంతా రెప్పపాటులో లెక్కవేశాను. ఆమె మాత్రం నా చేతిలోని తడి రుమాలు వైపు చూస్తోంది.

"అక్కా, గా రుమాలు జర నాకియ్యి. నీ కన్నీళ్లు తాకిన బట్ట కండ్ల మీద ఏస్కుంట. నాకు నమ్మకమున్నది."

మాలో కొందరికి ఆ అలవాటు ఉంది. ప్రార్థన చేసిన రుమాలు రోగి మీద కప్పుతారు, దిండు కింద పెట్టుకుంటారు. తువ్వాళ్లు, రుమాళ్లు పంచుకోవద్దన్న మాట నా చెవిలో ఉండగానే నేను ఆ రుమాలు ఆమెకు ఇచ్చాను. ఇచ్చి, ఆమె తల మీద చెయ్యి కూడా పెట్టాను. అందరూ చూస్తున్నారని నాకు తెలుసు.

తర్వాత రెండు నెలలు నేను శుక్రవారాలు ఆమె ఎదురుపడకముందే చర్చి నుంచి లేచి వచ్చేశాను, ఆ అరుగు వైపు తిరగకుండా రోడ్డుకు అవతలి పక్క నుంచి దుకాణానికి పోయాను. పెళ్లిళ్ల కాలం వచ్చింది. ఒక రోజు మ్యాచింగ్ సెంటర్ యజమాని మా దగ్గరికి ఏదో పని మీద వచ్చి, ఫాల్ కుట్టే అమ్మ పది రోజులుగా రావట్లేదు, కన్ను బాగా లేదట అన్నాడు. నా చేతిలోని ప్రూఫు కిందపెట్టి లేచాను.

ఆమె గదిలో కిటికీకి చీర కట్టి ఉంది. వెలుతురు పడితే కుడి కంట్లో పొడిచినట్టు ఉంటోందట. మంచం మీద కూర్చుని ఆ కంటి మీద నా రుమాలు అదుముకుని ఉంది. దవాఖానకు పోయినవా అంటే లేదంది. భర్త పొమ్మని గొడవ పెట్టినా పోలేదట. ప్రార్థన చేయించుకుని మళ్లీ మందుకు పోతే విశ్వాసం లేనట్టు కాదా అని నన్నే అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"నీ ప్రార్థనల లోపం లేదక్కా. నాలోనే ఏదో పాపమున్నది. గందుకే తగ్గుతలేదు."

తర్వాత డాక్టరమ్మ ముందు పట్టుబడినప్పుడు కూడా నేను అంత సిగ్గుపడలేదు. తప్పు నాది, దాన్ని ఆమె రెండు నెలలుగా తన మీద వేసుకుని మోసింది. ఏ పాపం చేశానా అని గుర్తు చేసుకుంటూ ఆ చీకటి గదిలో కూర్చుంది. ఆమె చెయ్యి పట్టి లేపి, ఆటో ఎక్కించి, మేడ మీది డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ కంట్లో పసుపుపచ్చ మందు వేసి లైటు పట్టి చాలాసేపు చూసింది. రెప్పల వాపు, పురుగులు, దానికి తోడు కన్ను నలుపుడు. నల్లగుడ్డు అంచున చిన్న పుండు పడిందంది. ఇంకో వారం ఆగితే మధ్యకు పాకేది, అప్పుడు చూపు మీద మచ్చ పడేది, ఇప్పటికైతే తగ్గుతుంది అంది. కంటి మీద ఏం పెడుతున్నారని అడిగింది. ఆమె భద్రంగా మడిచిన రుమాలు తీసి చూపించింది.

"ఇది ఎవరిది?"

ఆమె నా వైపు చూసింది. "నాది" అన్నాను.

డాక్టరమ్మ నా కాగితాలు తిరగేసి చూసింది. కోపంగా కాదు, అర్థంకాక అడిగింది. "ఆంటీ, మీకు కూడా ఇవే పురుగులు గద. రుమాలు ఎవరికీ ఇయ్యొద్దని చెప్పిన. మీ నుంచే ఈమెకు వచ్చినయని చెప్పలేను, ముందు నుంచే ఉండొచ్చు. కాని తెలిసి ఎట్ల ఇచ్చిన్రు?"

నేను ఆ రుమాలు తీసుకుని నా సంచిలో కుక్కుకున్నాను.

నల్ల అద్దాలు పెట్టుకుని ఆమె నా పక్కన ఆటోలో కూర్చుంది. నాంపల్లి స్టేషన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. అక్కడ నేను ఆమెకు అంతా చెప్పాను. ఫ్యాను సంగతి, బుధవారాల సంగతి, బీరువాలో సీసా సంగతి. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. అరుస్తుందనుకున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"నీళ్లు పురుగులయి. సరే. నా కోసం ప్రార్థనైతే చేసినవా?"

"చేసిన" అన్నాను. ఆమె తల ఊపింది.

తర్వాతి శుక్రవారం నేను సాక్ష్యం చెబుతానని లేచాను. దేవుడు మనకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడాన్ని మేము సాక్ష్యం అంటాము. నేను నా పురుగుల సంగతి చెప్పాను. నా కన్నీళ్లలో ఏడుపు లేదనీ, అవి ఎండిన కంటి నీళ్లనీ, మంట పుట్టించుకోవడానికి మందు ఆపాననీ, రుమాలు తెలిసి ఇచ్చాననీ చెప్పాను. ఎవరికైనా రెప్పలు అలా ఉంటే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. తర్వాత అమ్మగారు లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఆమెది గుంటూరు వైపు. "ఎంత తగ్గింపు, ఎంత వినయమమ్మా నీది, ఇంతమందిలో ఇలా ఒప్పుకోడానికి ఎంత కృప ఉండాలి" అన్నారు. వెనక వరసలో ఎవరో వెక్కారు. ఇద్దరు ముగ్గురు వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

చేతులు విడిపించుకుని బయటపడ్డాను. నన్ను తిట్టే మనిషి కావాలనిపించింది. నా తప్పును కూడా వాళ్లు నాకు పూలదండలా వేశారు, అది నా మెడకు సరిపోయింది కూడా. నన్ను నేను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. నేరుగా నాంపల్లి సందులోని గదికి నడిచాను.

కిటికీకి కట్టిన చీర తీసేసి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని కాపడం పెట్టుకుంటోంది. పుండు మానుతోందట. ఇంకో పదిహేను రోజుల్లో సూది పట్టుకోవచ్చన్నదట డాక్టరమ్మ. నేను కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి చెప్పాను.

"మొన్న ఆటోల అబద్ధం చెప్పిన. నీ కోసం ప్రార్థన చెయ్యలే. నీ నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడు గూడ చెయ్యలే. ఎవలు చూస్తున్నరా అని చూసిన, గంతే."

ఆమె కళ్ల మీది గుడ్డ తీసి నన్ను చూసింది. ఒక కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఆ చూపు కింద నేను ఎక్కడికీ పోలేకపోయాను. ఆమె మంచం మీద పక్కకు జరిగి చోటు చూపించింది.

"ఔ. అయితే ఇప్పుడు చెయ్యి. ఏడ్వకుంట చెయ్యి."

ఆమె కళ్లు మూసుకుంది. నేను పక్కన కూర్చున్నాను. రెండేళ్లు గదినిండా జనాన్ని ఏడిపించిన నాకు ఆ ఒక్క మనిషి ముందు మొదటి మాట దొరకలేదు. ఆమె తొందరపెట్టలేదు. వాచిన రెప్పలు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అలాగే ఎదురుచూస్తూ కూర్చుంది.